అప్రస్తుతం ఎవరు?

కిందటి చలికాలంలో కుప్పంలో ఒక అష్టావధానం జరిగింది. అందులో అప్రస్తుత ప్రసంగం చేయమని నన్ను పిలిచారు. ఫోన్ చేసిన పెద్దాయన మాటలు ఇప్పటికీ గుర్తున్నాయి. "వేదిక మీద ఒక మహిళ ఉంటే నిండుగా ఉంటుందమ్మా. సమస్య, దత్తపది అంటే ఛందస్సు గొడవలు. ఇదైతే తేలిక. సరదాగా నాలుగు ప్రశ్నలు వేస్తే చాలు" అన్నారు. తెలుగు సాహిత్యంలో పిహెచ్.డి. చేసిన మనిషికి ఛందస్సు గొడవ ఎందుకవుతుందని నేను అడగలేదు. ఒప్పుకున్నాను. నిజం చెప్పాలంటే లోపల సంతోషపడ్డాను కూడా.

ఆ సాయంత్రం నేను వేసిన ఒక ప్రశ్నకు మండపం నిండా ఉన్న జనం పగలబడి నవ్వారు. వాళ్లలో ఒకరి నవ్వు నన్ను ఇప్పటికీ వదలడం లేదు. నవ్వుకు నీతి ఉంటుందా, ఉంటే ఆ బాధ్యత ఎవరిది అన్న ప్రశ్న అప్పటినుంచి నన్ను తొలుస్తోంది. దాన్ని మీతో పంచుకుందామని రాస్తున్నాను.

అవధానం చూడనివాళ్ల కోసం రెండు మాటలు. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు ఉంటారు. ఒకరు నిషిద్ధాక్షరి అంటూ అక్షరం అక్షరానికీ అడ్డుపడతారు. ఒకరు అర్థంపర్థం లేని పాదమొకటి ఇచ్చి అర్థం వచ్చేలా పూరించమంటారు. ఒకరు పొంతన లేని నాలుగు మాటలిచ్చి వాటితో పద్యం చెప్పమంటారు. వర్ణన, ఆశువు, పురాణ పఠనం, వ్యస్తాక్షరి, గంట ఎన్నిసార్లు మోగిందో లెక్క చెప్పమనే ఘంటాగణనం... సభను బట్టి అంశాలు మారుతుంటాయి. అప్రస్తుత ప్రసంగం మాత్రం దాదాపు ప్రతి సభలోనూ ఉంటుంది. పద్యాలు ఆవృత్తికి ఒక పాదం చొప్పున నడుస్తాయి. నాలుగు ఆవృత్తులూ అయ్యాక అవధాని ఆ పద్యాలన్నీ వరసగా అప్పజెప్పాలి. దాన్నే ధారణ అంటారు. ఈ మొత్తం సేపూ ఆయన ఏకాగ్రతను చెడగొట్టడమే అప్రస్తుత ప్రసంగి పని. ఎప్పుడైనా మాట్లాడవచ్చు, ఏమైనా అడగవచ్చు. దోమకు జ్వరమొస్తే ఏ డాక్టరుకు చూపించాలి అనవచ్చు. మా బర్రె పద్యం వింటే తప్ప పాలివ్వనంటోంది, కందం వినిపించమంటారా సీసమా అని సలహా అడగవచ్చు. అవధాని తడుముకోకుండా, జనం నవ్వేలా జవాబు చెప్పి మళ్లీ పద్యంలోకి వెళ్లిపోవాలి.

ఈ ఏర్పాటులో నాకు మొదటినుంచీ నచ్చిన సంగతి ఒకటుంది. సభలో అందరికన్నా గొప్పవాడిగా కూర్చున్న మనిషిని అడ్డదిడ్డంగా ప్రశ్నించే హక్కు ఒకరికి ఇచ్చారు. ఆయన పాండిత్యానికి తలవంచనక్కర్లేదు. ఆటపట్టించడమే మర్యాద. ఆయనకూ అక్కడికక్కడే తిప్పికొట్టే హక్కుంది. ఇలాంటి హాస్యం మా ప్రాంతంలో పండితుల సభల్లోనే కాదు, పల్లెల్లోనూ ఉంది. చిత్తూరు జిల్లాలో ధర్మరాజుల గుళ్ల దగ్గర ఎండాకాలంలో భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి నాటకం, చాలా చోట్ల 18 రోజులు. ఆ నాటకంలో హాస్యగాడు రారాజునైనా వదలడు. కిరీటం పెట్టుకుని దుర్యోధనుడు తన పరాక్రమం చెప్పుకుంటుంటే, మధ్యలో దూరి సగం తెలుగు, సగం తమిళంలో రాత్రి ఏం కూర తిన్నావని అడుగుతాడు. దుర్యోధనుడు తిడతాడు, గదెత్తుతాడు. హాస్యగాడు ఇంకో మాట అంటాడు. ఇద్దరూ వేదిక మీదే ఉన్నారు, ఇద్దరికీ నోరుంది. చిన్నప్పుడు గుడుపల్లె చుట్టుపక్కల ఊళ్లలో అవ్వ ఒడిలో నిద్రకు తూగుతూ చూసిన ఆ మాటల పోట్లాట నాకు హాస్యంలో మొదటి పాఠం.

అవధాన సభలు ఎక్కువగా చూడటం మొదలుపెట్టాక మరొకటి కనపడింది. అప్రస్తుత ప్రసంగి వేసే నాలుగు ప్రశ్నల్లో ఒకటైనా అవధానిగారి భార్య మీద ఉంటుంది. ఇంతమందిని మెప్పించారు, ఇంట్లో ఆవిడను మెప్పించగలరా? ఇక్కడ ఎనిమిది మంది పృచ్ఛకులకు జవాబు చెబుతున్నారు, ఇంట్లో ఒక్క పృచ్ఛకురాలికి ఎలా చెబుతారు? మాటలు మారతాయి, ప్రశ్న అదే. అవధాని కూడా అదే వరసలో జవాబు చెబుతారు. ఆవిడ ప్రశ్నలే వేస్తుంది, జవాబు వినదని. జనం నవ్వుతారు. చాలాసార్లు ఆవిడ అక్కడే ముందు వరసలో పట్టుచీర కట్టుకుని కూర్చుని ఉంటుంది. ఆవిడా నవ్వుతుంది. నవ్వక ఏం చేస్తుంది? మైకు ఆమె చేతిలో లేదు. చివర్లో ఆవిడకూ ఒక శాలువా కప్పుతారు.

ఫ్రాయిడ్ 1905లో హాస్యం గురించి రాసిన పుస్తకంలో, ఎవరినో గురిచేసుకుని వేసే జోక్ కు ముగ్గురు కావాలంటాడు. చెప్పేవాడు, గురి అయ్యే మనిషి, విని నవ్వేవాడు. బూతు హాస్యానికి మూలం స్త్రీని ఉద్దేశించి అన్న మాటేననీ, ఆమె స్థానంలోకి క్రమంగా వినే మరో పురుషుడు వస్తాడనీ ఆయన వివరణ. ఆయన స్త్రీల గురించి రాసినవన్నీ మనం ఒప్పుకోనక్కర్లేదు. ఈ ముగ్గురి లెక్క మాత్రం మన సభకు సరిగ్గా సరిపోతుంది. పృచ్ఛకుడు, అవధాని ఒకరినొకరు ఆటపట్టించుకోవాల్సిన చోట ఇద్దరూ ఒక జట్టయిపోయి మూడో మనిషి మీద పడ్డారు. ఆట నియమం అక్కడ తప్పింది.

మన లాక్షణికులదీ ఇదే దారి. నాట్యశాస్త్రం ఆరో అధ్యాయంలో భరతుడు నవ్వును స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం అని ఆరు రకాలు చేసి, ఉత్తమ, మధ్యమ, అధమ పాత్రలకు తలా రెండు పంచాడు. అంతటితో ఆగలేదు. హాస్యరసం ఎక్కువగా కనిపించేది స్త్రీలలోనూ, నీచ పాత్రలలోనూ అన్నాడు. ఈ వాక్యం పాఠంగా చెప్పిన ప్రతిసారీ నాకు ఆశ్చర్యమేస్తుంది. నవ్వేవాళ్లు మేమే అయితే నవ్వించే కుర్చీలో ఇన్నాళ్లూ మేమెందుకు లేము?

అవధానంలో స్త్రీలు లేకపోలేదు. తంజావూరులో రఘునాథ నాయకుని కొలువులో రామభద్రాంబ, మధురవాణి వంటి కవయిత్రులు ఉండేవారు. రామభద్రాంబ సంస్కృతంలో రాసిన రఘునాథాభ్యుదయంలో ఆ కొలువు స్త్రీలు సమస్యాపూరణంలోనూ, ఆశుకవిత్వంలోనూ నేర్పు చూపించిన ముచ్చట కనిపిస్తుంది. మన కాలంలో బులుసు అపర్ణ ద్విశతావధానం దాకా వెళ్లారు. హాస్యం రాయడంలోనూ స్త్రీలు వెనకబడలేదు. భానుమతి అత్తగారి కథలు రాశారు. పొత్తూరి విజయలక్ష్మి ప్రేమలేఖ నవలే 1984లో జంధ్యాల చేతిలో శ్రీవారికి ప్రేమలేఖ సినిమా అయింది. అయినా నిండు సభలో మైకు పట్టుకుని, ఎదుటి మనిషిని అప్పటికప్పుడు ఆటపట్టించే కుర్చీలో ఒక స్త్రీని నేను చూసింది బహు తక్కువ.

అందుకే వెళ్లేముందు ఒక నిర్ణయం తీసుకున్నాను. అవధానిగారి భార్య మీద ప్రశ్న వేయను. సభలో మారుమాట చెప్పే వీలు లేని మనిషి మీద జోక్ వేయను. మా ఇంట్లో ఇలాంటి నియమం నాకు నేర్పింది ఎవరో కాదు, మా మేనత్త.

అత్త పెద్దగా చదువుకోలేదు. కానీ పెళ్లిపందిట్లో ఆమె పక్కన కూర్చోవడానికి అందరికీ భయం. వియ్యాలవారి పాటలు మీరు వినే ఉంటారు. పెళ్లికూతురి వైపు ఆడవాళ్లు పెళ్లికొడుకు తల్లిని, ఆమె నడకను, ఆమె తెచ్చిన చీరను ఎగతాళి చేస్తూ పాట ఎత్తుకుంటారు. అవతలి పక్షం ఊరుకోదు. అంతకు రెండింతలు తిరిగి పాడుతుంది. పందిరి నిండా జనం, మధ్యలో ఆడవాళ్ల మాటల యుద్ధం. అవధానంలో ఆశువు కన్నా ఇదేం తక్కువ? పద్యానికి గణాలున్నట్టే ఈ పాటలకు వరసలున్నాయి. ఎవరిని ఏ మాట అనవచ్చో, ఎక్కడ ఆగాలో చెప్పే కట్టుబాటూ ఉంది. భర్త పోయినావిడ జోలికి వెళ్లరు, పిల్లలు లేనావిడ జోలికి వెళ్లరు. అత్తకు రెండూ లేవు. ఆమె మీద పాట కట్టడానికి ఎదుటివాళ్లు జంకేవారు. అప్పుడామె తన మీద తనే ఒక పాట ఎత్తుకుని వాళ్లకు దారి చూపించేది. "నన్నూ అనండే, నేనేం దేవతనా" అనేది. తన్నూ ఆటలో చేర్చుకోమని అడగడం అది. పరిశోధన చేసే రోజుల్లో ఆమె దగ్గర ఎన్నో పాటలు రాసుకున్నాను.

ఆ అత్తకే నాలుగేళ్ల కిందట మతిమరుపు మొదలైంది. ముందు తాళంచెవులు, తర్వాత మనుషుల పేర్లు, ఆ తర్వాత పూట. బెంగళూరులో డాక్టరు పరీక్షలన్నీ చేసి, ఇది వయసుతో వచ్చే మామూలు మరపు కాదు, పెరుగుతూ పోయే జబ్బు, కనిపెట్టుకుని ఉండటమే మనం చేయగలిగింది అన్నారు. కనిపెట్టుకుని ఉండే పని నాది. నాకిద్దరు అన్నలున్నారు. ఒకరు బెంగళూరులో, ఒకరు చెన్నైలో. ఇద్దరూ మంచివాళ్లే. డబ్బు పంపుతారు. 'ఇంట్లో ఉండి రాసుకునే పనే కదా నీది' అంటారు.

ఇంట్లో మేం నవ్వుకుంటాం. నవ్వకపోతే రోజు గడవదు. "తాళంచెవి నీ కొంగుకే ఉంది కదత్తా" అంటే, "ముందు కొంగు యాడుండాదో చెప్పు మే" అంటుంది. తెలిసి అంటుందో, తెలియక అంటుందో ఇప్పుడు చెప్పడం కష్టం. అన్నాక నా మొహం చూస్తుంది. నేను నవ్వితే తనూ నవ్వుతుంది.

ఇక ఆ సభ. అత్తను ఒంటరిగా వదిలే వీలు లేదు కనుక వెంట తీసుకెళ్లాను. మూడో వరసలో మా పక్కింటి అక్క పక్కన కూర్చోబెట్టాను. బెంగళూరు అన్నయ్య కూడా వచ్చాడు. మొదటి రెండు ఆవృత్తుల్లో నా ప్రశ్నలు ఫర్వాలేదనిపించాయి. బర్రె ప్రశ్నకు నవ్వారు. కానీ అవధానిగారు గట్టివారు, ఎక్కడా తొట్రుపడలేదు. నిర్వాహకులు నావైపు చూసి, ఇంకాస్త అన్నట్టు చేయి ఊపారు. మూడో ఆవృత్తిలో సమస్య పాదం సగంలో ఉండగా నేను మైకు దగ్గరకు లాక్కున్నాను. రాసిపెట్టుకున్న ప్రశ్న కాదది. నోటికి వచ్చేసింది.

"అవధానిగారూ! మా ఇంట్లో ఒక పెద్దావిడ ఉన్నారు. కళ్లజోడు పెట్టుకునే కళ్లజోడు వెతుకుతారు. భోంచేసి చేయి కడుక్కుని, నాకింకా అన్నం పెట్టలేదేం అంటారు. మీ ధారణలో కొంచెం ఆవిడకు అప్పిస్తారా? వడ్డీ ఎంత తీసుకుంటారు?"

ఆయన క్షణం ఆగలేదు. "వడ్డీ వద్దమ్మా, ఊరికే ఇస్తాను. కానీ తీసుకున్న సంగతి ఆవిడకు గుర్తుండాలి కదా!"

మండపం దద్దరిల్లింది. నేను వదల్లేదు. "పోనీ, సలహా అయినా చెప్పండి" అన్నాను. "ఆవిడను పెళ్లిళ్లకు తీసుకెళ్లండి. మొదటి పంక్తిలో తిన్న సంగతి మరిచిపోయి రెండో పంక్తిలో కూడా కూర్చుంటారు. కట్నానికి పూర్తి గిట్టుబాటు" అన్నారు. అని, వదిలిన చోటునుంచి సమస్య అందుకుని పాదం పూర్తిచేశారు. ఆ చప్పట్లలో సగం నావని నాకు తెలుసు. తలెత్తి చూశాను. అన్నయ్య సెల్‌ఫోన్‌లో వీడియో తీస్తూ నవ్వుతున్నాడు. మూడో వరసలో అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్లలో నీళ్లు వచ్చేలా నవ్వుతోంది.

చివర్లో ధారణ అద్భుతంగా సాగింది. నాకూ ఒక శాలువా కప్పారు. గుడుపల్లె బస్సులో కూర్చున్నాక అత్త నా చేయి పట్టుకుని అడిగింది. "పాపం, ఎవురు మే ఆమె? అన్నం తిన్నిందీ లేందీ కూడా తెలీదంటనే. ఇంట్లోవోళ్లు సరిగా చూసుకుంటా ఉండారా?"

"ఎవరోలే అత్తా" అన్నాను.

ఆ రాత్రి నిద్రపట్టలేదు. నాకు నేను చెప్పుకున్న సమాధానాలు ఇవి. పేరు చెప్పలేదు కదా. ఆమె బాధపడలేదు, పైగా అందరికన్నా ఎక్కువ నవ్వింది. అవధానిగారికి ఆమె ఎవరో తెలియదు, ఆయన మాటలో దురుద్దేశం లేదు. ఇవన్నీ నిజాలే. వీటికన్నా బలమైన సమాధానం ఇంకొకటి ఉంది. రాత్రింబవళ్లు చాకిరీ చేసేవాళ్లకు ఆ చాకిరీ మీద నవ్వుకునే హక్కు లేదా? వృద్ధులను, జబ్బుపడ్డవాళ్లను చూసుకునే ఆడవాళ్లను అడగండి. నర్సులను అడగండి. వాళ్లలో వాళ్లు వేసుకునే జోకులు బయటివాళ్లు వింటే కళ్లు తేలేస్తారు. ఆ నవ్వు వాళ్ల ఊపిరి. నా నవ్వూ అలాంటిదే కదా అనిపించింది.

కాదని తేలడానికి కొన్నాళ్లు పట్టింది. ఇంట్లో కొంగు జోక్ వేసుకున్నప్పుడు మేమిద్దరమే ఉంటాం. నవ్వు నా దగ్గర మొదలైనా ఆమె దగ్గరకు వెళ్లి తిరిగి వస్తుంది. సభలో నేను చేసింది వేరు. ఆ నవ్వుకు ముడిసరుకు ఆమె. లాభం నాది. బెర్గ్‌సన్ 1900లో నవ్వు మీద రాస్తూ, నవ్వాలంటే గుండె కాసేపు మొద్దుబారాలనీ, నవ్వు ఎప్పుడూ ఒక గుంపుదేననీ వాదించాడు. ఆ క్షణం నేను ఆ గుంపులో చేరడానికి నా గుండెను మొద్దుబార్చుకున్నాను. భార్య మీద జోక్ వేయనని నియమం పెట్టుకుని, మారుమాట చెప్పలేని మరో స్త్రీని వెతుక్కున్నాను. ముందు వరసలోని భార్యకు కనీసం ఆ మాట తన గురించేనని తెలుసు. ఇంటికి వెళ్లాక నాలుగు దులపగలదు. అత్తకు ఆ అవకాశమూ లేదు. పందిట్లో ఎవరికీ మాట బాకీ పడని మనిషికి, తనను ఎవరో అన్నారన్న సంగతే చేరలేదు.

నా నియమం ఎక్కడ చాలలేదో అప్పుడు అర్థమైంది. జవాబు చెప్పగలవాళ్లతోనే హాస్యమాడాలి అనడం బాగానే ఉంది. కానీ జవాబు చెప్పలేనివాళ్లు కూడా మన జీవితంలో భాగమే. పసిపిల్లలు, జబ్బుపడ్డవాళ్లు, చనిపోయినవాళ్లు. వాళ్ల గురించి అసలు నవ్వకూడదంటే వాళ్లను మన లోకంలోంచి వెలివేసినట్టే. పాటల్లో అత్తను వదిలేసిన వియ్యాలవారు చేసింది అదే. ఆమెకు అది గౌరవంగా అనిపించలేదు.

మరి తేడా ఎక్కడుంది? నా చదువులోనే ఒక దారి దొరికింది. అలంకార శాస్త్రంలో అప్రస్తుతప్రశంస అనే అలంకారం ఉంది. సందర్భంలో లేనిదాని గురించి చెబుతూ, అసలు చెప్పదలచుకున్నదాన్ని స్ఫురింపజేయడం. తుమ్మెద గురించి చెబుతారు, ఉద్దేశం ఒక మనిషి. తరగతిలో ఎన్నోసార్లు చెప్పిన పాఠమే. నా ప్రశ్నలో అప్రస్తుతం మా ఇంటి పెద్దావిడ. మరి ప్రస్తుతం ఏమిటి?

నిజాయితీగా చూసుకుంటే, ప్రస్తుతం నా అలసట. నా కోపం. ఆమె మందుల వేళలు, పాలవాడి లెక్క, గ్యాసు బండ తారీఖు, ఆమె ఏ పూట ఏం తిన్నదో ఏం తినలేదో అన్నీ మనసులో పెట్టుకుని, మధ్యలో వ్యాసం రాస్తూ, మళ్లీ వదిలిన చోటునుంచి అందుకుంటూ నడిచే నా రోజు. రోజూ ఇన్ని ఆవృత్తులు నడిపే ఆడవాళ్లు ఇంటింటా ఉన్నారు. వాళ్ల ధారణకు చప్పట్లు లేవు. నేను అడగాల్సిన ప్రశ్న అవధానిగారిని కాదు. ముందు వరసలో వీడియో తీస్తున్న మా అన్నయ్యను. 'అత్తను చూసుకునే నాలుగు ఆవృత్తుల్లో ఒక పాదమైనా నువ్వు పూరిస్తావా?' అని. ఆ ప్రశ్న ఇంట్లో అడగలేక, నోరులేని మనిషి మీదుగా మూడు వందల మందికి ఫిర్యాదు చేశాను. అది నవ్వుగా మారి చెదిరిపోయింది. అన్నయ్య ఆ వీడియోను కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. అందరూ బాగుందన్నారు. ఎవరికీ ఏమీ తగల్లేదు.

భార్యల మీద జోకులు కూడా ఇలాగే పనిచేస్తాయని ఇప్పుడు నాకనిపిస్తోంది. ఆమె గొణుగుతుందని నవ్వుతాం. దేనికి గొణుగుతోందన్న ప్రస్తుతం ఆ నవ్వులో మాయమవుతుంది.

మళ్లీ భారతం గుర్తొస్తోంది. మయసభలో దుర్యోధనుడు నీళ్లలో పడినప్పుడు, వ్యాసభారతం కథనంలో నవ్వింది భీముడు, మిగతా తమ్ముళ్లు. ద్రౌపది పేరు తర్వాత వస్తుంది, దుర్యోధనుడు తండ్రి దగ్గర చెప్పుకుని ఏడ్చేటప్పుడు, కృష్ణార్జునులతో పాటు, ఇతర స్త్రీలతో కలిపి. కానీ జనం నోట ఆ నవ్వంతా ద్రౌపదిదే అయింది. యుద్ధానికి ఆమె నవ్వే కారణమైంది. అదే ద్రౌపది కురుసభలో ఒక ప్రశ్న వేసింది. ముందు తనను తాను ఓడినవాడికి నన్ను ఒడ్డే హక్కు ఉందా అని. భీష్ముడు ధర్మం సూక్ష్మమన్నాడు. వికర్ణుడి వంటి ఒకరిద్దరు తప్ప ఆమె పక్షాన నోరు విప్పినవాళ్లు లేరు. ఆడదాని నవ్వును వేల ఏళ్లు గుర్తుపెట్టుకున్న ధారణ, ఆమె ప్రశ్నను మాత్రం ఆ సభలోనే అప్రస్తుతం చేసేసింది. ఆ కథ ఏటేటా చూస్తూ పెరిగినదాన్ని, నేనూ అడగాల్సిన ప్రశ్న మింగి, నవ్వు ఎంచుకున్నాను.

బస్సులో అన్న "ఎవరోలే" అన్న మాట నాకు జోక్ కన్నా పెద్ద తప్పుగా కనిపిస్తోంది. ఆమెకు జాలి కలిగింది. ఆ ముసలామెను ఎవరైనా చూసుకుంటున్నారా అని కంగారుపడింది. సభలో అంతమందిమి ఉన్నాం, ఆ ప్రశ్న ఒక్కరికీ తోచలేదు. మతి తప్పుతోందని మేం నవ్విన మనిషికి తోచింది. దానికి నేను అబద్ధం చెప్పాను.

వారం తర్వాత ఒక సాయంత్రం వసారాలో కూర్చుని ఉండగా చెప్పాను. "అత్తా, ఆ రోజు సభలో నేనడిగింది నీ గురించే. నిన్ను అడక్కుండా అడిగేశాను." ఆమె చాలాసేపు మాట్లాడలేదు. ఏడుస్తుందేమోనని భయపడ్డాను. తర్వాత లేచి లోపలికి వెళ్లింది. బీరువా తెరిచిన చప్పుడైంది. నాకు కప్పిన శాలువా కప్పుకుని వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"నన్ను చెప్పి నవ్విస్తే శాలువ నీకెట్లా కప్పినారు మే? ఇది నాది" అంది.

చాలా రోజుల తర్వాత నాకు పాత అత్త కనిపించింది. ఇద్దరం నవ్వాం. ఆ రాత్రే అన్నలిద్దరికీ ఫోన్ చేశాను. నెలకు పది రోజులు ఎవరో ఒకరు వచ్చి ఉండాలని చెప్పాను. బెంగళూరు అన్నయ్య మొదట జోక్ అనుకున్నాడు. కాదని నచ్చజెప్పడానికి అరగంట పట్టింది. ఇప్పుడు నెలకు నాలుగు రోజులు వస్తున్నాడు. పది కాదు, నాలుగు. చెన్నై అన్నయ్య ఇంకా చూద్దాం అంటున్నాడు. ఈ లెక్క ఇంకా తెమలలేదు.

అప్రస్తుత ప్రసంగానికి మరో ఊరినుంచి పిలుపు వచ్చింది. వెళతాను. ఆ కుర్చీ వదులుకోవాలని నాకు లేదు. ఈసారి నోటికి ఏ మాట వచ్చినా, దాని వెనక ఎవరి ముందు అడగలేని ప్రశ్న దాక్కుందో ఒక్క క్షణమైనా చూసుకుంటాను. ఎవరి గురించి అడగబోతున్నానో వాళ్లకు ముందు చెప్పి వెళతాను. వాళ్లకు గుర్తుండకపోయినా సరే.

శాలువా అడిగి తీసుకున్న మర్నాడు పొద్దున అత్త దాన్ని మడతపెడుతూ నావైపు చూసి, "ఎవురిది మే ఈ శాలువ? బాగుండాది" అంది. నేను పొయ్యి కట్టేసి వచ్చి, పక్కన కూర్చుని, మొదటినుంచీ మళ్లీ చెప్పాను.